మెగామ్యాన్, బేస్, మా బావ రైలు

2003 దసరాకు అమెరికా నుంచి వస్తూ మా చిన్నమామ పిల్లలకో గేమ్‌బాయ్ అడ్వాన్స్ తెచ్చాడు, చేతిలో పట్టుకుని ఆడే వీడియోగేమ్ మిషన్. అందులో పెట్టిన క్యాసెట్ పేరు ‘మెగామ్యాన్ అండ్ బేస్’. మిషన్ ఒకటి, హీరోలు ఇద్దరు, పిల్లలు ఇద్దరు. పంచాయితీకి ఇంకేం కావాలి?

మా అన్న కొడుకు చింటూది మెగామ్యాన్ పార్టీ. మంచిర్యాల నుంచి పండక్కొచ్చిన మా అక్క కొడుకు బబ్లూది బేస్ పార్టీ. మెగామ్యాన్ డాక్టర్ లైట్ తయారుచేసిన నీలం రోబో. వాణ్ని ఓడించడానికే డాక్టర్ వైలీ బేస్‌ను తయారుచేశాడు. కింగ్ అనేవాడొకడు రోబోల రాజ్యం తెస్తానని బయల్దేరేసరికి ఇద్దరూ వాడి మీదికి పోతారు, అదీ ఎవడి దారిన వాడు. ఆట మొదట్లోనే ఒకణ్ని ఎంచుకోవాలి, మధ్యలో మార్చుకోవడం కుదరదు. కథంతా విని మా అమ్మ, “పోయేది ఒక్క పనికే గద, ఒక్క బండిల పోతే ఏమైతది?” అంది.

“ఆళ్లకు పడదు అమ్మమ్మా” అన్నాడు బబ్లూ.

ఆ మిషన్ తెరకు లోపల లైటు లేదు. అందుకని ఇద్దరూ ట్యూబ్‌లైటు కింద చేరి, పేలు చూసే అమ్మలక్కల్లా తలలు వంచుకుని కూర్చునేవాళ్లు. 1998లో జపాన్‌లో, టీవీకి తగిలించి ఆడే సూపర్ ఫామికామ్ మిషన్ మీద వచ్చిన ఆటను ఈ చిన్న తెరలోకి దించారట. శత్రువు కనిపించడం, దెబ్బ తగలడం ఒకేసారి అయిపోతాయి. హీరో పేలిపోయినప్పుడల్లా “మావోడైతే గాల్లనే ఇంకోసారి ఎగురుతడు” అని బబ్లూ, “ఎగిరితేంది, ఉరుక్కుంట కాల్వరాదు. మావోడు కిందికెళ్లి జారుతడు” అని చింటూ. ఆ ఎగిరేవాడు గానీ, జారేవాడు గానీ కింగ్ దాకా పోగా నేను చూడలేదు.

దాన్ని నడిపేది రెండు పెన్సిల్ సెల్లు. సరిగ్గా దసరా సాయంత్రం అవి దిగిపోయాయి. కిరాణా కొట్టు మూసి ఉంది. రిమోట్ విప్పితే అందులో సన్న సెల్లు. అప్పుడు పడింది వీళ్ల చూపు గోడ మీద. హాల్లో గడియారంలోంచి ఒకటి, నడిమింట్లో గడియారంలోంచి ఒకటి లాగారు. ఖాళీగా వదిలేస్తే దొరికిపోతామని, దిగిపోయిన సెల్లు వాటిలో పెట్టారు. చదువులో ఈ తెలివి ఎప్పుడూ చూపించలేదు. అలాంటి సెల్లుతో గడియారం చచ్చిపోదు. సెకన్ల ముల్లు తొమ్మిది దగ్గర పైకెక్కలేక ఉన్నచోటే కొట్టుకుంటుంది. టిక్కు టిక్కుమని చప్పుడు మాత్రం ఆగదు.

మా బావకు ఆ రాత్రి తొమ్మిదింటికి కాజీపేటలో రైలు. తెల్లారితే బొగ్గుబాయిలో ఫస్ట్ షిఫ్ట్. బావ మామూలుగా టైము మనిషే, కానీ చేతిగడియారం రిపేరుకిచ్చి ఉంది. జమ్మి పెట్టడానికి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. అలాయ్ బలాయ్, గారెలు, ముచ్చట్లు. బావ మధ్యమధ్యలో తలెత్తి చూడటం, “పావు తక్కువ ఎనిమిదే గద, మస్తు టైముంది” అనడం. మా అక్క అన్నం పెడతానంటే “గప్పుడే ఏంది?” అన్నాడు. ఎంతసేపు చూసినా అదే టైమెందుకుందని అనుమానం రాలేదా అంటే, పండగ పూట మధ్యాహ్నం మటన్‌తోపాటు ఇంకేం దిగిందో అల్లుడి గురించి నేను చెప్పకూడదు.

ఉర్సు గుట్ట దగ్గర రావణవధ చూసొచ్చిన పక్కింటాయన జమ్మి చేతిలో పెడుతూ, “రైలుకు పోలేదా సార్?” అన్నాడు. బావ నవ్వుతూ గోడ చూపించాడు. ఆయన తన చేతిగడియారం చూపించాడు. పది కావస్తోంది.

విచారణ ఎక్కువసేపు పట్టలేదు. నేరం ఇద్దరూ ఒప్పుకున్నారు. పేచీ అంతా అసలు సెల్లు తాగింది ఎవరనే దగ్గర వచ్చింది.

“మెగామ్యానే డాడీ! షాట్ చార్జ్ చేస్తడు. చార్జింగ్ యాడికెళ్లి వస్తది మరి?”

“మామా, బేస్ అయితే దమ్ము తీస్కోకుంట కాలుస్తనే ఉంటడు!”

నాకైతే బబ్లూ మాటే సబబనిపించింది. బావకు రెండింట్లోనూ పస కనిపించింది. రైలు ఎట్లాగూ పోయింది, నిద్రా పోయింది. “టెస్ట్ చేద్దాం. ఎవని హీరో ఎక్కువ తాగితే ఆడు రేపు కొత్త సెల్లు కొనాలె” అని కాగితం తెప్పించి, నిలువుగా గీత కొట్టి, అటు మెగామ్యాన్, ఇటు బేస్ అని రాశాడు. “మీరు ఆడితే తొండి చేస్తరు, నేనే ఆడుత” అని మిషన్ లాక్కున్నాడు. మొదలుపెట్టిన టైము వేయడానికి తలెత్తి గోడవైపు చూసి, శ్రద్ధగా రాశాడు: 7.45.