ఒరలో పద్నాలుగు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న పెద్దలు ఇనుప బీరువా చూసినవాళ్ళు కారు. మా బీరువా రెండో అరలో పద్నాలుగు హాయిగా ఇమిడాయి. కాస్త సర్దితే ఇంకో ఆరు పడతాయి. అక్కడున్న పట్టుచీరల భవిష్యత్తు గురించి మా ఆవిడతో చర్చలు నడుస్తున్నాయి.

తపాలా బిళ్ళలు పోగేసేవాణ్ణి లోకం మేధావి అంటుంది. పాత నాణేలు పోగేస్తే చరిత్రకారుడంటుంది. కత్తులు సేకరిస్తానని చెప్పి చూడండి, ఎదుటివాడు కుర్చీ ఓ జానెడు వెనక్కి జరుపుకుంటాడు. మాది కర్నూలు జిల్లా అని కూడా తెలిస్తే కుర్చీతో సహా వెళ్ళిపోతాడు. ఇలాంటి అపోహల మధ్య, ఈ పవిత్రమైన వ్యాపకంలోకి కొత్తగా దిగేవాళ్ళకు నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. అడిగినవాళ్ళు ఎవరూ లేరు. అయినా చెబుతాను.

మొట్టమొదటి నియమం: కత్తితో ఏదీ కోయకూడదు. "ఒరేయ్, ఇన్ని కత్తులున్నాయి గదా, ఆ వంకాయలు కాస్త తరిగి పెట్టు" అని అమ్మ అన్నప్పుడు నాకు కలిగిన వేదన మరో సేకర్తకే అర్థమవుతుంది. ఇరవై రెండు వేలు పోసి కొన్న కత్తికి వంకాయ కనరు అంటించడమా! అమ్మకేం తెలుసు, ఆమె దగ్గరున్నది ఒకటే కత్తిపీట. నాకన్నా వయసులో పెద్దది. దానికి పేరు లేదు, పెట్టె లేదు, సర్టిఫికెట్టు లేదు. చింతకాయ నుంచి గుమ్మడికాయ దాకా దేన్ని చూపించినా కోసేస్తుంది. ఇలాంటి వస్తువును సేకరణ అనరు, సామాను అంటారు.

ఇక కొనడం గురించి. చేత్తో చేసిన కత్తిని అమ్మేవాడు ముందు కథ అమ్ముతాడు, కత్తి ఆ కథతోపాటు ఉచితంగా వస్తుంది. నా మొదటి కత్తికి మూడు పేజీల కథ ఉంది. అయిదు తరాల కొలిమి, తాతగారి సమ్మెట, పౌర్ణమి రాత్రి పదును. ఉక్కు ఏమిటన్న ముక్క మాత్రం మూడు పేజీల్లోనూ లేదు. రేకు మీద నీటి అలల్లాంటి గీతలు, పక్కన, అలాంటి అలలుండే ఉక్కుకు పేరుగా, 'డమాస్కస్' అని బంగారు అక్షరాలు. నాలుగున్నర వేలు. కొన్నాను. దసరాకి మా ఆవిడ ఇంట్లోని ఇత్తడి సామానుతో కలిపి దాన్నీ పొడి వేసి తోమింది. బిందెలు తళతళా మెరిశాయి. డమాస్కస్ అలలు సింకులో కలిసిపోయాయి. అవి లేజరుతో గీసిన గీతలట.

అసలైన దానిలో గీత పైన ఉండదు, లోపలే ఉంటుంది. ఈ రోజుల్లో డమాస్కస్ పేరుతో చేసేది ఎక్కువగా రెండు రకాల ఉక్కును పొరలు పొరలుగా పేర్చి, బాగా కాల్చి, సమ్మెటతో అతికి, మడిచి, మళ్ళీ అతికినది. 1095 అనే కార్బన్ ఉక్కు, 15ఎన్20 అనే నికెల్ ఉక్కు, సాధారణంగా ఈ రెండింటికీ జోడీ కుదురుస్తారు. చివర్లో ఫెరిక్ క్లోరైడ్ అనే రసాయనంలో ముంచితే కార్బన్ పొర నల్లబడుతుంది, నికెల్ పొర తెల్లగా నిలుస్తుంది. కాబట్టి కత్తి వీపు తిప్పి చూడండి. పక్కన ఉన్న అల వీపు మీదికీ ఎక్కితే అది ఉక్కు. వీపు దగ్గర టక్కున ఆగిపోతే అది ముగ్గు.

ఈ పేరు వెనక ఉన్న పాత సంగతి తలుచుకుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒకప్పటి డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు మన దక్షిణాది మూసల్లో కరిగినది. 'ఉక్కు' అన్న మన మాటే ఇంగ్లీషువాడి నోట్లో పడి 'వూట్జ్' అయిందంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఆ ఉక్కు తయారీని 1820ల ప్రాంతంలో హెన్రీ వాయ్సీ అనే దొర చూసి రాసిపెట్టాడు. ఆ సరుకు కోసం పర్షియా వర్తకుడు అంత దూరం వచ్చి, కొలిమి దగ్గర తానే నిలబడి చూసుకుని కొనుక్కుపోయేవాడు. తెలివిగా కొనడమంటే ఏమిటో తెలిసిన మనిషి ఆయన. నేనో? కోనసముద్రం మా బంధువుల ఊరికి బస్సు దూరమే, ఒక్కసారీ వెళ్ళలేదు. మంచం మీద పడుకుని, ఫోనులో బొమ్మ చూసి, డమాస్కస్ కొన్నాను.

అమెరికావాళ్ళు ఈ విషయంలో మరీ మొరటు మనుషులు. బిల్ మోరన్ అనే కత్తుల కమ్మరి 1973లో పొరల ఉక్కు కత్తుల్ని ప్రదర్శనకు పెట్టి, అటకెక్కిన విద్యను అక్కడ మళ్ళీ కిందికి దించాడు. తర్వాత 1976లో కత్తి కమ్మరులకు ఓ సంఘం పెట్టారు. ఆ సంఘం పరీక్ష వింటే సేకర్తకు గుండె ఆగుతుంది. అభ్యర్థి తాను చేసిన కత్తితో వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంపాలి. తర్వాత దూలం ముక్కను రెండుసార్లు నరకాలి. అదే అంచుతో చేతి మీద వెంట్రుకలు గీయాలి. అంతటితో వదలరు, కత్తిని బిగించి తొంభై డిగ్రీలు వంచుతారు. విరగకూడదు. ఇంత చేశాక కత్తి గెలిచినా బీరువాకు పనికిరాదు. ఉక్కు మేలిమి సంగతి సరే, అందం ఏం కావాలి?

అయినా ఆ పరీక్షలో ఓ కిటుకు ఉంది. నరకడానికి గట్టిదనం కావాలి, వంగడానికి సాగుడు కావాలి. రెండూ ఒకే రేకులో ఉండాలంటే ఎంత వేడికి కాల్చాడు, ఎందులో ముంచాడు, మళ్ళీ ఎంత కాక చూపించాడు అన్నదే కీలకం. అందుకే అమ్మేవాణ్ణి తాతగారి గురించి అడక్కండి, హీట్ ట్రీట్‌మెంట్ గురించి అడగండి. రాక్‌వెల్ గట్టిదనం, అంటే ఉక్కు గట్టిదనానికి వేసే అంకె, ఎంతని అడగండి. పనివాడైతే ఒక్క ముక్కలో చెబుతాడు. మళ్ళీ పౌర్ణమి ఎత్తుకుంటే మీరు ఫోను పెట్టేయండి. పిడికీ రేకుకీ మధ్య గోరు పెట్టి గీసి చూడండి, సందు తగిలితే రేపు నీళ్ళు అక్కడే చేరతాయి. కణితి కొమ్ము పిడి, దుప్పి కొమ్ము పిడి అని ఎవడైనా ఊరిస్తే మాత్రం ఆ గుమ్మం దిగి వచ్చేయండి. 1972 వన్యప్రాణి చట్టం సేకర్తల సౌందర్య దృష్టిని లెక్కలోకి తీసుకోలేదు.

చట్టం అనగానే గుర్తొచ్చింది. ఆయుధాల నిబంధనల్లో తొమ్మిది అంగుళాల పొడవో, రెండంగుళాల వెడల్పో దాటిన కత్తుల ప్రస్తావన ఉంది. ఇంటి పనికి, పొలం పనికి చేసినవాటికి మినహాయింపూ ఉంది. అంటే చట్టం ముందు నా కత్తులు వంటసామాను కావాలి, సేకర్తల ముందు అవి వంటింటి మొహం చూసి ఉండకూడదు. కత్తి మీద సాము అంటే ఇదే.

నియమం ఒక్కసారి తప్పాను. మొన్న వేసవిలో ఆవకాయకు కాయలు తెచ్చాం. బజార్లో కొట్టించుకుందామని ఆవిడ అంటే నాకు పౌరుషం వచ్చింది. జపాన్‌లో సకాయ్ అనే ఊరు వంటింటి కత్తులకు పేరుమోసింది. అక్కడి నుంచి తెప్పించుకున్నది ఉంది, రాక్‌వెల్ గట్టిదనం 62, కాగితాన్ని చూస్తేనే కోసేట్టుంటుంది. కాయ నిలబెట్టి ఒక్కటి వేశాను. చెంప వెన్నలా తెగింది. టెంక దగ్గర 'టిక్' అని చిన్న చప్పుడు. అంచులో కందిగింజంత నెలవంక ఎగిరిపోయింది. అది ఇప్పటికీ ఆవకాయ జాడీలో ఉందేమోనని మా మామగారు ముద్ద ముద్దకూ నన్ను చూస్తారు. తప్పు కత్తిది కాదు. అంత గట్టి, అంత పలచని అంచు చేపకూ కూరకూ గానీ టెంకకు కాదు. మిగతా కాయలు బజార్లోనే కొట్టించాం. మరుసటి రోజు చూస్తే పులుపు తగిలినచోట రేకంతా నల్లగా, మబ్బు పట్టినట్టు. అమ్మ ఓదార్చి నువ్వుల నూనె రాసింది. నెలకల్లా అది బంకలా పేరుకుంది. కత్తులకు కుట్టుమిషను నూనె మేలు. తోలు ఒరలో పెట్టి మరిచిపోవడం అంతకన్నా పాపం, తోలు చెమ్మ పీల్చుకుని తుప్పును కడుపులో పెట్టుకుని కాపాడుతుంది.

విరిగిన అంచు పట్టుకుని మా పక్క ఊరి సంతలో కమ్మరి పెద్దాయన దగ్గరికెళ్ళాను. ఆయన దాన్ని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"మంచి ఇనుమే సామీ. దీంతో ఏం కోస్తారు?"

"ఏమీ కొయ్యం పెద్దాయనా. చూసుకుంటాం."

"ఓహో, పెళ్ళిచూపుల కత్తా!"

ఆయన ముందు గోనెపట్టా మీద కత్తులు పరిచి ఉన్నాయి. అలవాటు కొద్దీ అడిగాను, ఏ ఉక్కు అని. "లారీ కమాను పట్టీ" అన్నాడు. ఎలా పదును పెట్టావంటే, "చెర్రీ పండు రంగొచ్చినాక నూనెలో ముంచి, మళ్ళా గడ్డి రంగొచ్చేదాకా కాక చూపిస్తి" అన్నాడు. పద్నాలుగు కత్తుల చరిత్రలో నేనడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవాడు ఈయనొక్కడే. మూడొందల యాభై. బేరమాడటానికి సిగ్గేసింది.

పదిహేనోది అదే. పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి, ఫొటో తీద్దామని మెత్తటి గుడ్డ కోసం లోపలికెళ్ళి వచ్చేలోపు అమ్మ దాంతో గుమ్మడికాయ పగలగొట్టేసింది. నిబంధనల ప్రకారం సేకరణ జాబితాలోంచి దాన్ని కొట్టేశాను. ఇప్పుడది వంటింట్లో ఉంది.