సొరుగులో కొలువున్న చాక్లెట్ గారికి

మహారాజశ్రీ చాక్లెట్ గారికి,

అబిడ్స్‌లోని ఒక ఆఫీసు అకౌంట్స్ సెక్షన్ నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు నా టేబుల్ అడుగు సొరుగులో, పిన్నుల డబ్బా పక్కన, ఏసీ చల్లదనంలో కరగకుండా క్షేమంగా ఉన్నారని తెలుసు. నా క్షేమం గురించే కొంచెం మాట్లాడాలి.

నా రిపోర్టులో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) 6.7 అని వచ్చేదాకా తమరు వట్టి చిరుతిండి. 6.5, ఆపైన ఉంటే డయాబెటిస్ కిందే లెక్క అని డాక్టరు చెప్పిన సాయంత్రమే తమరి దశ తిరిగింది. ఇంట్లో లడ్డూ బంద్, జిలేబీ బంద్. తమరిని మాత్రం "ఎందుకైనా మంచిది, దగ్గర పెట్టుకోండి" అంటూ మా ఆవిడ స్వయంగా బ్యాగులో వేసింది. షుగర్ వచ్చిందని తీపి మాన్పించిన మనిషికి తీపినే మందుగా కట్టి పంపారన్నమాట. ఈ ఎమర్జెన్సీ పోస్టు కోసం తమరు ఏ పరీక్ష పాసయ్యారో నాకు తెలియదు.

సాయంత్రం నాలుగు గంటలకు మా సెక్షన్‌లో జరిగే తంతు తమరు చూస్తున్నదే. చేతులు సన్నగా వణుకుతాయి. ఏసీలో కూర్చున్నా మెడ వెనక చెమట. గుండె దడ. ఆకలి కూడా మామూలుగా వేయదు, ఎదుటివాడి మీద కోపంతో కలిసి వస్తుంది. వోచరు మీద సంతకం ఒకటి తక్కువైందని ప్యూన్ మీద అరుస్తాను. "సార్, మీకు షుగర్ డౌన్ అయినట్టుంది" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. అంతే, సొరుగు తెరుచుకుంటుంది.

గ్లూకోమీటరు పై సొరుగులోనే ఉంటుంది. దాని జోలికి ఎవరూ పోరు. స్ట్రిప్పులు ఖరీదంటారు, గుచ్చితే నొప్పంటారు. తమరి ఖరీదు మాత్రం ఎవరూ అడగరు. పైగా షుగర్ డౌన్ అన్నాక తింటే ఎవరూ ఏమీ అనరు, తినకపోతేనే చీవాట్లు పెడతారు. మా క్యాషియర్ గారికి అసలు షుగరే లేదు. ఆయనకీ నాలుగింటికి డౌన్ అవుతుంది.

ఒకరోజు సెక్షన్‌కి కొత్తగా వచ్చిన అమ్మాయి పట్టుబట్టి నా వేలు గుచ్చి చూసింది. 104. "డౌన్ కాదు సార్, బాగానే ఉంది" అంది. తమరి రేపర్ అప్పటికే సగం చిరిగి ఉంది.

అలాగని వణుకు నటన కాదు. కొన్నాళ్ళుగా ఎక్కువ షుగర్‌కి అలవాటు పడిన ఒంటికి 104 అంటే పాతాళంలా ఉంటుంది. 70 దగ్గర కొట్టాల్సిన అలారం 100 దగ్గరే కొట్టేస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది, దడా చెమటా దాని పనే. లక్షణాలు నిజమే, లో షుగర్ మాత్రం కాదు. ఆ తేడా వేలు గుచ్చితేనే తెలుస్తుంది.

ఇంతకీ ఆ పతనం ఎక్కడ మొదలైందంటే, ఒంటిగంటకు. బిర్యానీ, మీద కూల్‌డ్రింక్, ఎవరిదో ప్రమోషన్ పార్టీ అని డబుల్ కా మీఠా. డయాబెటిస్ మొదటి రోజుల్లో పాంక్రియాస్ (షుగర్‌ని దించే ఇన్సులిన్‌ని తయారుచేసే గ్రంథి) పని మానేయదు, ఆలస్యం చేస్తుంది. తిన్న వెంటనే రావాల్సిన ఇన్సులిన్ తీరిగ్గా బయల్దేరి, ఈలోగా పెరిగిపోయిన షుగర్‌ని చూసి కొందరిలో అవసరానికి మించి వచ్చేస్తుంది. వాన నీళ్ళు నిలిచిన మన వీధికి మోటార్లు లేటుగా వచ్చి, వరదతో పాటు సంపులోని మంచినీళ్ళు కూడా తోడేసినట్టు. అందుకే తిన్న రెండు మూడు గంటల తర్వాత, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, జారుడు. కొందరిలో ఇది నిజంగానే 70 కిందికి పోతుంది. అప్పుడు తమరిని తింటే మళ్ళీ ఎక్కుడు, మళ్ళీ జారుడు. వెంట చక్కెర ముందే కలిసి వచ్చే ఇరానీ చాయ్ కూడా ఉంటే చెప్పనక్కర్లేదు. సగటు మాత్రమే చెప్పే హెచ్‌బీఏ1సీలో ఈ ఎక్కుడుదిగుడులు కనిపించవు.

ఇక తమరి మీద అసలు ఫిర్యాదుకి వస్తాను.

నాలా మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్ళకి ఆ మాత్ర వల్ల షుగర్ 70 కిందికి పడటం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళ సంగతి వేరు. మనం తిన్నామా లేదా అని చూడకుండా అవి పాంక్రియాస్‌తో ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మా స్టోర్స్ ఇన్‌చార్జి గారిది ఆ బాపతు మాత్ర. శనివారం ఒక్కపొద్దు ఉన్నారు. అన్నం మానేశారు, మాత్ర మానలేదు. మధ్యాహ్నానికి మాట తడబడింది, చూపు మసకబారింది, రిజిస్టరులో ఒకే అంకె మళ్ళీ మళ్ళీ రాస్తున్నారు. ఆయన బీపీకి, అడ్రినలిన్ పనిని అడ్డుకునే బీటా బ్లాకర్ మాత్ర కూడా వాడతారు కాబట్టి వణుకూ దడా పెద్దగా బయటపడలేదు, చొక్కా మాత్రం చెమటకు తడిసిపోయింది. మీటరులో 52. 54 కంటే తక్కువంటే ప్రమాదమే.

ఇన్నాళ్ళ కొలువుకి తమరు పనికి రావాల్సిన గడియ అది. వచ్చారు కూడా. కానీ ఏం లాభం, తమరిలో కొవ్వు ఎక్కువ, చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యం. క్యాషియర్ గారు ఇంకో అడుగు ముందుకేసి, షుగర్ పేషెంట్ కదా అని, కింద షాపు నుంచి షుగర్ లేని డైట్ కోలా పట్టుకొచ్చారు! ఆయన మంచితనాన్ని శంకించను. పక్కన ఇంకొకరు చాయ్‌లో వేసుకునే షుగర్‌ఫ్రీ బిళ్ళలు తీశారు. చివరికి క్యాంటీన్ కుర్రాడు అరగ్లాసు నీళ్ళలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించాడు. సుమారు 15 గ్రాములు. 15 నిమిషాలాగి చూస్తే 81. అప్పుడు అన్నం పెట్టించాం. ఆ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది, షుగర్ మళ్ళీ పడొచ్చు కాబట్టి డాక్టరుకి ఫోన్ చేసి, ఇంటికి ఒంటరిగా పంపలేదు. స్పృహ తప్పి ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాల్సి వచ్చేది.

జరిగినదాన్ని బట్టి తమరిని ఎమర్జెన్సీ విధుల నుంచి తక్షణం తప్పించడమైనది. చిరుతిండిగా తమరి పాత హోదాకి భంగం లేదు. డాక్టరు ఒప్పుకున్న రోజున, భోజనం తర్వాత చిన్న ముక్కగా, దొంగచాటు లేకుండా కలుసుకుందాం. మధ్యాహ్నం నేను కూర, పప్పు పెంచి అన్నం తగ్గించాను, తిన్నాక కాసేపు నడుస్తున్నాను. వణుకు వస్తే అంకె, టైము, ఏం తిన్నానో డైరీలో రాసి డాక్టరుకి చూపిస్తున్నాను.

తమరి స్థానంలో గ్లూకోజ్ పొడి పాకెట్ చేరింది. మనిషి మంచిదే గానీ రుచీ పచీ లేదు. అది చేరిన దగ్గర్నుంచి మా క్యాషియర్ గారికి నాలుగింటికి షుగర్ డౌన్ కావడం లేదు.

ఇట్లు,
సొరుగు యజమాని