తాళం వేసి ఉన్న క్రెష్ గది గారికి

మా ఆఫీసులో ఉద్యోగుల పిల్లల్ని చూసుకోడానికి వెలసిన మహారాజశ్రీ మూడో అంతస్తు క్రెష్ గది గారి దివ్యసముఖానికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, నిన్న ఉదయం తమరి గుమ్మం దగ్గర చంకలో పిల్లాడితో, భుజాన లాప్‌టాప్‌తో తడిసి ముద్దయి నిలబడ్డ ఆడమనిషిని నేనే. తమరు గుర్తుపట్టకపోవచ్చు. లోపలికి రానిచ్చిందెప్పుడు కనక!

నిన్నటి వాన సంగతి హైదరాబాదులో ఎవరికీ చెప్పక్కర్లేదు. సెలవని స్కూలు గ్రూపులో మెసేజీ వచ్చేసరికి ఏడూ ఇరవై. అప్పటికే బాక్సు సర్దేశాను, వాడికి బూట్లు కూడా తొడిగేశాను. ఆ మెసేజీ కింద నలభై "థాంక్యూ మేడమ్"లు, దేనికో! వాళ్ల నాన్నకి క్లయింటు వస్తున్నాడు (ఈ క్లయింట్లు సరిగ్గా వానల్లోనే ఎందుకు దిగుతారో). అత్తయ్యగారు తెనాలిలో ఉన్నారు. పనమ్మాయి ఫోను స్విచ్చాఫ్. ఇంటి నుంచి చేస్తానంటే మేనేజరు గారు, "ఈ వారం ఆఫీసు గేటు దగ్గర మీ కార్డు స్వైపులు తక్కువ పడ్డాయమ్మా" అన్నారు, ఎంతో ప్రేమగా.

అప్పుడు గుర్తొచ్చారు తమరు.

చేరిన రోజు ఇచ్చిన కాగితాల్లో తమరి ప్రస్తావన ఉంది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు 12 వారాల సెలవుని 26 చేశారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చన్నారు. ఈ సంగతులన్నీ ఉద్యోగంలో చేరేటప్పుడే రాసి ఇవ్వాలనీ అన్నారు. మావాళ్లు ఆ రాసివ్వడం మాత్రం పొల్లుపోకుండా చేశారు.

నాలుగుసార్లూ నేను వాడుకున్నాను లెండి. మొదటిసారి వస్తే తాళం. అద్దంలోంచి చూస్తే గోడ మీద జిరాఫీ, దాని పక్కన పిల్లల ఎత్తు కొలిచే గీతలు. తాళం అడ్మిన్ దగ్గరుందన్నారు. అడ్మిన్‌కి వెళితే ఫెసిలిటీస్ వాళ్ల దగ్గరన్నారు. రెండోసారి వచ్చేసరికి ఫెసిలిటీస్ అబ్బాయి టీకి వెళ్లాడు. మూడోసారికి సెక్యూరిటీ అన్న జాలిపడి పెద్ద గుత్తి తెచ్చి ఒక్కో తాళంచెవీ పెట్టి చూశాడు. పంపు రూముది పట్టింది గానీ తిరగలేదు. ఈలోగా నేను చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని రోజువారీ స్టాండప్ మీటింగులో "నో బ్లాకర్స్", అంటే నా పనికి అడ్డంకులేం లేవు, అని చెప్పాను.

నాలుగోసారికి తలుపు తెరుచుకుంది. వైకుంఠ ద్వారమే అనుకోండి.

చక్రాలు ఊడిన కుర్చీలు, చచ్చిపోయిన సీపీయూలు, కిందటేడు వినాయకుడి వెనక పెట్టిన థర్మకోల్ తోరణం, పంచగా మిగిలిన దీపావళి స్వీటు బాక్సుల ఖాళీ అట్టలు. మూలన ఒక చెక్క గుర్రం. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు.

"ఆడిట్ రోజు అన్నీ మెట్ల మీదకి మార్చేస్తాం మేడమ్. బెలూన్లు కూడా కడతాం," అన్నాడు ఫెసిలిటీస్ అబ్బాయి, పాపం, నన్ను ఊరడించడానికే.

బెలూన్లు! ఎవరి కోసమే ఆ బెలూన్లు? తనిఖీకొచ్చే ఆ పెద్దమనిషి ఊగుతాడా గుర్రం మీద? ఎనిమిది వందల మందిమి పనిచేస్తున్నాం ఇక్కడ. పింగ్‌పాంగ్ బల్లకి తాళం లేదు, కాఫీ మెషీనుకి తాళం లేదు, నీకొక్కదానికే వేశారు. ఇరవయ్యారు వారాలు కూర్చోబెట్టి జీతమిచ్చాం కదా అంటారు. ఇరవయ్యేడో వారానికి బిడ్డ తనంతట తను బడికెళ్లి, సెలవొస్తే అన్నం వండుకుంటుందా? మా అమ్మమ్మ కూలికెళ్లినప్పుడు చేలో వేపకొమ్మకి పాతచీర కట్టి బిడ్డని పడుకోబెట్టేది. ఆ కొమ్మకి బోర్డు లేదు, జిరాఫీ లేదు. కానీ బిడ్డ బరువు మోసేది. నువ్వేం మోశావే? సీపీయూలు!

కోపంలో ఏకవచనం వచ్చేసింది. క్షమించండి. మీకు మాత్రం సామాన్ల కొట్టుగా బతకాలని ఉంటుందా? ఎవరో ముచ్చటపడి ఆ జిరాఫీకి కనురెప్పలు కూడా దిద్దారు. అది చూశాక మీ మీద పూర్తిగా కోపం నిలవలేదు.

చివరికి మావాడు "గోదావరి" మీటింగ్ రూములో బల్ల కింద, నా చున్నీ మీద నిద్రపోయాడు. దానికి ముందు బోర్డు మీద ఉన్న త్రైమాసిక ప్లానుకి తోకా, నాలుగు కాళ్లూ గీశాడు. ఇంకా ఎవరూ చెరపలేదు.

రాత్రి వాళ్ల నానమ్మకి ఫోన్లో చెబుతున్నాడు: "అమ్మ ఆఫీసులో గుర్రం ఉంది నానమ్మా. దానికి జ్వరం. దుప్పటి కప్పి, తలుపేసి పడుకోబెట్టారు."

ఇట్లు,
మూడో అంతస్తు, కిటికీ పక్క సీటు