గంట ముందు హార్బర్‌కి పోతే చాలా? చాలదబ్బా

నెల రోజులుగా మా బంధువుల ఫోన్లన్నిట్లో ఒకే వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. ఎవరు రాశారో తెలియదు. షిప్పు ట్రిప్పుకి పోదామనుకునే తిరుపతి, చిత్తూరు వాళ్ళకి సలహాలట. మా షడ్డకుడు దాన్ని నాకు పంపి, కింద "అన్నా, ఇది కరెక్టేనా?" అని అడిగినాడు. కాదు అని ఒక్క ముక్కలో చెప్తే వినే మనిషి కాదు. వచ్చే నెల పిల్లల్నీ అత్తగారినీ తీసుకుని చెన్నైలో షిప్పెక్కబోతున్నాడు కూడా. అందుకే ఇంత రాయాల్సి వచ్చింది.

మెసేజ్‌లో ఉన్నది ఇది. తిరుపతి నుంచి చెన్నై మూడు గంటల దారే, షిప్పు కదిలే రోజు ఇంట్లో తీరిగ్గా తిని బయలుదేరొచ్చు. షిప్పు కదలడానికి గంట ముందు గేటు దగ్గరుంటే చాలు, డబ్బు కట్టినవాళ్ళని వదిలేసి పోరు. తప్పిపోయినా తర్వాతి రేవులో ఎక్కొచ్చు, లేదంటే డబ్బు వాపసు. సింగపూర్‌లో ఎక్కేవాళ్ళు ముందురోజు రాత్రి ఫ్లైటు పట్టుకుంటే హోటల్ ఖర్చు మిగులుతుంది. చివర్న, పైనున్నదానికి పూర్తి విరుద్ధంగా ఇంకొకటి: ముందొచ్చినవాళ్ళకే మంచి రూములు, వీలైతే పొద్దున ఎనిమిదికే గేటు దగ్గర నిలబడండి.

"మూడు గంటల దారే"

ఫోన్‌లో మ్యాప్ తీసి చూస్తే నిజమే. పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్ళూరు మీదుగా సుమారు 140 కిలోమీటర్లు. కానీ ఆ మ్యాప్‌కి తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి పండగ ఆడికృత్తిక తెలుసా?

మేం చెన్నైలో షిప్పెక్కడానికి పోయింది ఆడి భరణి నాడు. తెల్లారితే కృత్తిక. టికెట్లు కొన్నప్పుడు క్యాలెండర్లో శుక్రవారం అని చూసుకున్నామే తప్ప పంచాంగం చూడలేదు. పంచాంగం గుర్తొచ్చింది బయలుదేరే రోజు పొద్దున, అదీ మా అమ్మకి. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు దాకా. అది పోయేదాకా ఇన్నోవా ఇంటి ముందే నిలబడింది. పన్నెండూ ఐదుకి గుమ్మం దాటినాం. షిప్పు సాయంత్రం ఏడుకి కదా, మూడింటికంతా చెన్నైలో ఉంటాం అని లెక్క.

నగరి దాటేదాకా బాగానే ఉంది. ఆపైన రోడ్డంతా కావళ్ళు. పసుపు గుడ్డలు కట్టుకున్నవాళ్ళు, పూల కావళ్ళు మోసేవాళ్ళు, చంకలో బిడ్డల్ని వేసుకుని నడిచేవాళ్ళు, "అరోహరా" అని కేకలు. ఆడికృత్తికకి తిరుత్తణి కొండకి జనం ఎట్లా వస్తారో మన జిల్లావాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పోలీసులు బండ్లని ఊరి బయటే మళ్ళించినారు. మళ్ళించిన దారిలో మా ముందు చెరకు లోడు ట్రాక్టరు. మూడు గంటల దారికి ఐదు గంటలు పైన పట్టింది. సుబ్రహ్మణ్యస్వామి మీద నాకేమీ కోపం లేదు, ఆయన పండగ ఆయన చేసుకున్నాడు. తప్పు మా లెక్కది.

తమిళుల పెరటాసి నెల శనివారాల్లో ఇదే రోడ్డు ఇంకో రకంగా నిండుతుంది, మద్రాసు నుంచి తిరుమల కొండకొచ్చే జనంతో. చిత్తూరు వాళ్ళు మాకు ఆ బాధ లేదంటారు. వాళ్ళకి రాణిపేట, కాంచీపురం మీదుగా బెంగళూరు హైవే ఉంది. శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీ బస్సులు, పూందమల్లి ట్రాఫిక్ వాళ్ళ వాటా. తిరుపతి నుంచి నాగలాపురం, ఊత్తుకోట మీదుగా పోతే తిరుత్తణి తప్పుతుంది గానీ ఊళ్ళోకి పోయాక అదే మద్రాసు.

ఇక వానాకాలం. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లోనే బండ్లు కొట్టుకుపోయినాయి. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుఫానుకి చెన్నై విమానాశ్రయం రన్‌వే మూసేసినారు, రైళ్ళు ఆగిపోయినాయి. ఆ నెలల్లో పొద్దున లేచి పోదాంలే అనేవాణ్ణి నేనైతే నమ్మను.

ఒక మాట ఒప్పుకోవాలి. పండగ లేని రోజు, ఎండాకాలం, షిప్పు రాత్రికి అయితే పొద్దున్నే తిరుపతిలో గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సెంట్రల్లో దిగొచ్చు. హార్బర్ అక్కడికి దగ్గరే. రైలుకి కావళ్ళు అడ్డం రావు. బస్సులో అయితే మాత్రం ఎక్కడ దిగబెడతాడో ముందే అడగండి. ఆంధ్రా బస్సులకని 2018లో తెరిచిన మాధవరం బస్టాండులో దిగితే, నాలుగు సూట్‌కేసులతో అక్కణ్ణుంచి మళ్ళీ ఆటో బేరం మొదలవుతుంది.

"గంట ముందుంటే చాలు, వదిలేసి పోరు"

మెసేజ్ మొత్తంలో ప్రమాదకరమైన ముక్క ఇదే. దీని దగ్గర కొంచెం ఆగుతాను.

టికెట్ మీద ఉండే ఏడు గంటలు షిప్పు కదిలే టైము. మనం చూసుకోవాల్సింది అది కాదు, చెక్-ఇన్ కౌంటర్ మూసే టైము. చాలా కంపెనీల్లో అది షిప్పు కదలడానికి గంట నుంచి గంటన్నర ముందే. మా టికెట్లో ఐదున్నర అని ఉంది, చిన్న అక్షరాల్లో. మేం కౌంటర్ దగ్గరికి చేరింది ఐదూ ఇరవైకి. మా వెనక ఐదూ నలభైకి చిత్తూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. షిప్పు ఎదురుగానే ఉంది, దీపాలన్నీ వెలుగుతున్నాయి, కదలడానికి ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది. అయినా ఎక్కనీలేదు. ఆ పెద్దాయన "షిప్పు ఈడే ఉంది కదమ్మా, నడిచిపోతే రెండు నిమిషాలు" అని అడుగుతూనే ఉన్నాడు. కౌంటర్ దగ్గరి అమ్మాయి మర్యాదగానే చెప్పింది, కానీ కంప్యూటర్ మూసేసింది.

ఎందుకు అంత పట్టుదల అని అప్పుడు నాకూ అనిపించింది. తర్వాత తెలుసుకుంటే కారణాలున్నాయి. షిప్పులో ఎవరెవరు ఎక్కినారో ఆఖరి జాబితా అధికారులకి పోవాలి. అమెరికాలో అయితే అది షిప్పు కదలడానికి 60 నిమిషాల ముందే పోవాలని రూలే ఉంది. చెన్నై నుంచి శ్రీలంకకి పోయే షిప్పయితే పాస్‌పోర్టు మీద ముద్ర కూడా ఎక్కడానికి ముందే పడాలి. జాబితా పోయాక ఒక్క పేరు చేర్చాలన్నా మళ్ళీ మొదటికి.

ఇక కెప్టెన్ తనంతట తాను షిప్పుని రేవులోంచి తీసుకుపోడు. రేవులో దారి చూపించే హార్బర్ పైలట్ ఎక్కాలి, టగ్గులనే చిన్న పడవలు వచ్చి లాగాలి, గట్టు మీద తాళ్ళు విప్పే మనుషులుండాలి. వాళ్ళందరికీ ఒక టైము ఇచ్చి ఉంటారు, ఆ తర్వాత వాళ్ళకి వేరే షిప్పు పని. ఆర్టీసీ డ్రైవర్‌ని "అన్నా, మావాళ్ళు టీ తాగుతున్నారు, ఒక్క నిమిషం" అని ఆపినట్టు ఆపడం కుదరదు.

ఇంకొకటి, జనానికి అసలు పట్టనిది: అత్యవసర డ్రిల్. షిప్పుకి ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలి, లైఫ్ జాకెట్ ఎట్లా కట్టుకోవాలి అని చూపిస్తారు. మునుపు దీన్ని ఎక్కిన 24 గంటల్లోగా ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకార్డియా బండను గుద్దుకుని ఒరిగిపోయింది, 32 మంది చనిపోయినారు. ఆ సాయంత్రమే చివితావెక్కియా రేవులో ఎక్కినవాళ్ళకి ఇంకా డ్రిల్ జరగనేలేదు. ఆ తర్వాత అంతర్జాతీయ నిబంధన మార్చి, 2015 నుంచి షిప్పు కదిలేముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ అయిపోవాలన్నారు. చివరి నిమిషంలో ఉరుక్కుంటూ వచ్చే మనిషికి దీనికి టైమెక్కడిది?

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్టుకి కొంచెం అటూ ఇటూ అయినా బతిమాలితే పంపిస్తారు కదా అని మెసేజ్‌లో పోలిక కూడా పెట్టినారు. అక్కడ మనం ఆలస్యమైతే స్వామి కొండ మీదే ఉంటాడు. ఇక్కడ కొండే కదిలిపోతుంది. పోలిక కావాలంటే రాత్రి మూసేసిన అలిపిరి ఘాట్ రోడ్డు గేటుతో పెట్టండి. అక్కడ ఎవరి ఫోన్ కలిపిచ్చినా లాభం లేదని మన ఊరివాళ్ళందరికీ తెలుసు.

"తర్వాతి రేవులో ఎక్కొచ్చు, డబ్బు వాపసు"

ముందు ఒక ప్రశ్న. తర్వాతి రేవు ఉందా? చెన్నై నుంచి రెండు రాత్రుల ట్రిప్పుల్లో కొన్ని ఊరికే సముద్రంలోకి పోయి తిరిగొచ్చేవి. వాటికి తర్వాతి రేవు మళ్ళీ చెన్నైనే. ఎక్కడానికి కాదు, అందరూ దిగిపోవడానికి. 2022 జూన్‌లో అయితే చెన్నై నుంచి పోయిన షిప్పుని పుదుచ్చేరి ప్రభుత్వం తమ రేవుకే రానివ్వలేదు.

శ్రీలంక ట్రిప్పయితే కొలంబోకి విమానం టికెట్ కొనాలి, అక్కడ ఇమిగ్రేషన్ దాటాలి, షిప్పు హంబన్‌తోట పోతోందంటే రోడ్డు మీద ఇంకా కొన్ని గంటలు దక్షిణానికి పోవాలి, అదీ కంపెనీ ఒప్పుకుంటేనే. అందరికీ విమానం ఖర్చు లెక్కేస్తే షిప్పు టికెట్ కన్నా అదే ఎక్కువవుతుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి పోయి అలాస్కా షిప్పెక్కే అమ్మానాన్నలు మన ఊళ్ళో చాలామందే ఉన్నారు. వాళ్ళకి ఇంకో చిక్కు. సియాటిల్‌లో షిప్పు తప్పి, అలాస్కాలోని జూనోకి విమానంలో పోయి అక్కడ ఎక్కి మళ్ళీ సియాటిల్‌లో దిగుతామంటే చట్టం ఒప్పుకోదు. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికాలో ఒక రేవులో ఎక్కించుకున్న మనిషిని అమెరికాలోనే ఇంకో రేవులో దింపకూడదని 1886 నాటి చట్టం. పెద్ద క్రూజ్ షిప్పులు దాదాపు అన్నీ బహామాస్ జెండానో, పనామా జెండానో, అట్లాంటి విదేశీ జెండానే ఎగరేస్తాయి. డబ్బున్నా పని జరగని చోటు అది.

వాపసు సంగతి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. మనం ఆలస్యంగా వచ్చి తప్పిపోతే మామూలుగా రాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే అందులో ఆలస్యానికి ఏ కారణాలు చెల్లుతాయో చదువుకోండి. రాహుకాలం చెల్లదు.

"సింగపూర్‌కి రాత్రి ఫ్లైటు"

లెక్కకి కుదురుతుంది. చెన్నై నుంచి సుమారు నాలుగు గంటల ప్రయాణం. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి పదకొండుకి లేచిన విమానం అక్కడ తెల్లవారుజామున దిగుతుంది, షిప్పు సాయంత్రానికి. కానీ ఆ ఒక్క విమానం రద్దయితే? మిగిలే హోటల్ ఖర్చు కోసం మొత్తం ట్రిప్పుని ఒకే విమానానికి కట్టేయడం నాకు నచ్చదు. పైగా అరవై దాటినవాళ్ళు రాత్రంతా నిద్రలేకుండా పోయి, మధ్యాహ్నం దాకా సామాను కాపలా కాస్తూ కూర్చోవాలి. షిప్పుకి ముందురోజే సింగపూర్‌లో దిగేట్టు పోండి.

టాక్సీ ఎక్కేముందు రేవు పేరు కూడా చూసుకోండి. సింగపూర్‌లో మెరీనా బే దగ్గర ఒక టెర్మినల్, హార్బర్‌ఫ్రంట్ దగ్గర ఇంకొకటి ఉన్నాయి. "క్రూజ్ సెంటర్" అని మాత్రం చెప్తే డ్రైవర్ తన ఇష్టం వచ్చినదానికి తీసుకుపోతాడు. అక్కణ్ణుంచి ఫుకెట్ పోయే షిప్పయితే థాయ్‌లాండ్ టైము సింగపూర్ కన్నా గంట వెనక. ఊరు చూడ్డానికి దిగినప్పుడు ఫోన్ తనంతట తానే టైము మార్చేసుకుంటుంది, షిప్పు మార్చుకోకపోవచ్చు. దిగేటప్పుడు షిప్పు గడియారం ఒకసారి చూసి దిగండి.

"ఎనిమిదికే గేటు దగ్గర నిలబడండి"

ఇది వేరే రకం తప్పు. రూము నంబరు బుకింగ్ ప్రకారం వస్తుంది, తిరుమల వసతి గదుల క్యూ కాదు ఇది. పొద్దున ఎనిమిదికి పాత ప్రయాణికులు ఇంకా దిగుతూనే ఉంటారు. వాళ్ళు దిగాలి, దుప్పట్లు మార్చాలి, సరుకులు ఎక్కించాలి. రూములు మామూలుగా మధ్యాహ్నం దాటాకే తయారవుతాయి. అందుకే ఆన్‌లైన్‌లో చెక్-ఇన్ చేసేటప్పుడే చాలాచోట్ల ఒక టైము ఇస్తారు. అంతకన్నా ముందు పోతే మద్రాసు ఎండలో సూట్‌కేసు మీద కూర్చోవడమే.

నేను చెప్పేది అప్పుడూ ఇప్పుడూ ఒకటే: ఊరికి ముందురోజు పోండి, గేటుకి వాళ్ళిచ్చిన టైముకి పోండి. మెసేజ్ రాసినాయన ఈ రెండింటినీ తలకిందులు చేసినాడు.

గేటు దగ్గర టైము తినేది క్యూ కన్నా మన సామానే. స్కానింగ్‌లో మా వదిన రైస్ కుక్కర్ బయటపడింది, ఆ తర్వాత ఇస్త్రీ పెట్టె, ఆ తర్వాత పులిహోర డబ్బా. ఒక్కోదానికీ ఒక్కో పంచాయితీ. పది నిమిషాల ముందొచ్చినవాళ్ళం, అందులో ఏడు నిమిషాలు కుక్కర్‌కే పోయినాయి. పెద్ద పెట్టెలు తీసుకునే కూలీలు అప్పటికే వెళ్ళిపోయినారు, అన్నీ మేమే మోసుకున్నాం. మందులు, పాస్‌పోర్టులు మాత్రం ఎప్పుడూ చేతిసంచిలోనే ఉంచుకోండి. పెట్టెలు కూలీలకిస్తే రూముకి రాత్రికి గానీ రావు.

ఇదంతా మా షడ్డకుడికి ఫోన్ చేసి చదివి వినిపించినాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు, ఆశ్చర్యం. చివరికి "సరే అన్నా, ముందురోజే పోయి ఎగ్మూర్ దగ్గర రూము తీసుకుంటాం" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "అత్తమ్మ షిప్పులో పొద్దున దీపం పెట్టుకుంటానంటోంది. కర్పూరం, అగ్గిపెట్టె తీసుకుపోవచ్చా?" అని అడిగినాడు.

వద్దన్నాను. ఫోన్ అత్తమ్మకి ఇచ్చినాడు.