తెలుగు వికీపీడియాలో తొలి వ్యాసానికి తోడు ఎవరు?

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. కానీ దాన్ని నిత్యం సాకుతున్నవారు కొద్దిమందే. కొత్తవారు వస్తూనే ఉన్నారు. వారిలో చాలామంది తొలి వ్యాసం దగ్గరే ఆగిపోతున్నారు. రాయడానికి విషయం లేక కాదు, రాసింది తెరమీద కనబడే తీరు చూసి జంకి ఆగిపోతున్నారన్నది నా అభిప్రాయం.

తన ఊరి గురించి రాయాలనుకున్న ఒక ఉపాధ్యాయుణ్ణే తీసుకుందాం. వర్డులో టైపు చేసుకున్న నాలుగు పేరాలను తెచ్చి అతికిస్తారు. అచ్చు పుస్తకాల అలవాటు కొద్దీ ప్రతి పేరా మొదట కాస్త ఖాళీ వదిలి ఉంటారు. వికీ కోడులో (పేజీ వెనుక గుర్తులతో ఉండే రాతలో) పంక్తి మొదట ఒక్క ఖాళీ ఉన్నా చాలు, ఆ పేరా మొత్తం ఒక పెట్టెలో ఇరుక్కుపోతుంది. ఖాళీ తీసేసినా, పేరాకూ పేరాకూ మధ్య ఎంటరు ఒక్కసారే నొక్కి ఉంటే రెండూ కలిసిపోతాయి. ఇక ఆ పాఠం యూనికోడు కాని పాత అను ఫాంట్లలో ఉందంటే తెలుగు అక్షరమే కనబడదు.

ఇంతలో ఎవరో వచ్చి పేజీ నెత్తిన శుద్ధి చెయ్యాలని ఒక మూస (ముందే తయారుగా ఉండే నోటీసు), మూలాలు లేవని మరో మూస తగిలిస్తారు. నిర్వహణకు అవి అవసరమే. కానీ కొత్తవారికి అవి మందలింపులాగే వినబడతాయి. ఇంకొందరు ఓపికమంతులు రాత్రికి రాత్రి పేజీనంతా చక్కదిద్ది, మాటా పలుకూ లేకుండా వెళ్లిపోతారు. వ్యాసం బాగుపడుతుంది గానీ, ఆ ఉపాధ్యాయుడి రెండో వ్యాసంలోనూ అదే పెట్టె ప్రత్యక్షమవుతుంది.

చేయవలసిన సాయం ఇంతకంటే చిన్నది. ఒక్క లోపాన్ని సరిచేసి, ఎందుకు చేశారో దిద్దుబాటు సారాంశంలో (మార్పును భద్రపరిచేటప్పుడు రాసే గమనికలో) ఒక వాక్యం రాసి, మార్పుకు ముందూ తరువాతా పాఠాన్ని పక్కపక్కన చూపే తేడా లింకును ఆ కొత్తవారి చర్చా పేజీలో ఇస్తే చాలు. ఉదాహరణకు లింకుల సంగతి. ఒక వ్యాసం పేరును జంట చదరపు బ్రాకెట్లలో రాస్తే అది ఆ వ్యాసానికి లింకవుతుంది. [[విజయనగరం]] అని రాసి దాని వెంటనే 'లో' చేర్చితే సరిపోతుంది. అదే 'విజయనగరానికి' అనాలంటే [[విజయనగరం|విజయనగరానికి]] అని నిలువు గీత పెట్టి, దానికి ముందు వ్యాసం పేరు, తరువాత కనబడాల్సిన మాట రాయాలి. విభక్తి చేరితే పదం రూపమే మారిపోయే మన భాషలో ఇది అడుగడుగునా తగిలే చిక్కు. ఇంగ్లీషు సహాయ పేజీలను అనువదించినంత మాత్రాన ఇది తెలిసిరాదు. తమ వాక్యంలోనే ఎవరైనా మార్చి చూపితే మాత్రం మళ్లీ మరిచిపోరు.

కోడు జోలికి పోకుండా రాసుకునే విజువల్ ఎడిటరు వచ్చి పదేళ్లు దాటింది. అయినా శిక్షణ తరగతుల్లో సమాచారపెట్టెతో (వ్యాసం పక్కన ముఖ్య వివరాలు చూపే పట్టికతో) పాఠం మొదలుపెట్టేవారు ఇంకా ఉన్నారు. అందులోని ఖాళీలన్నీ నింపేసరికే కొత్తవారి ఉత్సాహం ఆవిరైపోతుంది. నన్నడిగితే సమాచారపెట్టె, వర్గాలు, పట్టికలు నెల తరువాత నేర్చుకున్నా కొంప మునగదు. మూలం ఇవ్వడం మాత్రం మొదటి రోజే రావాలి. ఎందుకంటే ఆకృతి ఎవరైనా తరువాత సరిచేయగలరు; ఆ సమాచారం ఏ పుస్తకంలో ఏ పేజీలోదో రాసినవారికి తప్ప మరొకరికి తెలియదు.

కొత్త ఖాతాదారుకు ఒక అనుభవజ్ఞుణ్ణి గురువుగా కేటాయించే ఏర్పాటు వికీపీడియాలోనే ఉంది. అడిగిన ప్రశ్న నేరుగా ఆ గురువు చర్చా పేజీకి చేరుతుంది. జవాబు వారం తరువాత వస్తే అడిగినవారు అక్కడ ఉండరు. అందుకే ఆ జాబితాలో పేరు ఉంచుకునేవారు రోజుకొకసారైనా చర్చా పేజీ చూడాలి, కుదరనప్పుడు పేరు తీసేసుకోవాలి.