రానీ రానీ అనేవాడు లేక

ఐర్లాండులో కూడా బండి ఎడమవైపే నడవాలి. మనవాడి ధైర్యమంతా అక్కడిదే. కూకట్‌పల్లి ట్రాఫిక్ ఈదినవాడికి గొర్రెల దేశం ఒక లెక్కా అనుకుని, అద్దె కారు తీసుకుని, ఒంటరిగా, తీరుబడిగా డింగిల్ ద్వీపకల్పం చుట్టి రావడానికి బయల్దేరతాడు.

అక్కడి స్లే హెడ్ డ్రైవ్ అనే రోడ్డు డింగిల్ ఊళ్లో మొదలై డింగిల్లోనే తేలుతుంది. చుట్టు దాదాపు 47 కిలోమీటర్లు. దీన్ని గుళ్లో ప్రదక్షిణలాగే చెయ్యాలి, గడియారం ముల్లు తిరిగే దిక్కున. చట్టమేం కాదు, ఆచారం. టూరిస్టు బస్సులు అలాగే వెళ్తాయి. జీపీఎస్‌కి ఆచారాలు పట్టవు కదా, మనవాణ్ణి అప్రదక్షిణంగా పంపిస్తుంది.

కాసేపు అంతా బాగానే ఉంటుంది. కుడివైపు సముద్రం, అవతల బ్లాస్కెట్ దీవులు. ఇది ఐరిష్ మాట్లాడే ప్రాంతం, రాతలు కూడా ఐరిష్‌లోనే. రోడ్డు మీద తెల్లగా ఓ మాట. ఇంగ్లిషు అలవాటుతో చదివితే ‘గో మాల్’. ఈ కొండల్లో మాల్ ఎక్కడ చెప్మా అని మనవాడు అటూ ఇటూ చూస్తాడు. ‘నెమ్మదిగా’ అని దానర్థం. మాల్ వెతుక్కుంటూ మలుపు తిరిగేసరికి ఎదురుగా బస్సు.

హారన్ కొట్టి లాభం లేదు, బస్సు వెనక ఆరు కార్లున్నాయి. తప్పుకునే జాగా ఎవరికి దగ్గరైతే వాళ్లే వెనక్కి పోవాలి. అది మనవాడికే, 50 మీటర్ల వెనక.

ఎడమపక్క రాతిగోడ. బండి కాస్త సన్నబడుతుందని బటన్ నొక్కి బయటి రెండు సైడు అద్దాలూ లోపలికి మూసేస్తాడు. ఆ తర్వాత రివర్స్ గేరు వేస్తాడు. కెమెరా ఉందిగా అంటారా? అది పార్కింగ్ కోసం పుట్టింది. వెనక రెండు మూడు మీటర్లు చక్కగా చూపిస్తుంది, మలుపు చూపించదు.

పక్కన బావమరిదో క్లీనరో ఉంటే దిగి, డిక్కీ మీద చరుస్తూ “రానీ, రానీ... లెఫ్ట్ కొట్టు... హోల్డాన్!” అనేవాడు. ఇక్కడున్నది ఒక గొర్రె. వీపు మీద యజమాని పూసిన నీలిరంగు గుర్తుతో నిలబడి చూస్తుంటుంది. మే అని కూడా అనదు.

చెయ్యాల్సింది చిన్న పనే. అద్దాలు తెరవాలి, వెనక చక్రం కనబడేలా ఎడమ అద్దం కిందికి వంచాలి, మనిషి నడిచే వేగంతో పోవాలి, స్టీరింగ్ జానెడు కంటే ఎక్కువ తిప్పకూడదు. మనవాడు కంగారులో కుడికి పూర్తిగా తిప్పేస్తాడు. రివర్స్‌లో తోక కుడికి పోతే ముక్కు ఎడమకి పోతుంది. బర్‌ర్‌ర్ మని బంపర్ గోడకి రాసుకుంటుంది. అద్దం మాత్రం భద్రం, మూసే ఉంది కదా.

ఎలాగో జాగాలో దూరతాడు. బస్సు డ్రైవరు స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఒక్కటీ లేపుతూ సాగిపోతాడు. బెదిరింపు కాదు, ఆ ఊళ్లలో అదే నమస్కారం, అదే థాంక్స్. వెనక ఇంకో బస్సు వస్తోందని చెప్పాడేమో అనుకుంటాడు మనవాడు.

అలా చెప్పలేదు గానీ, బస్సు మాత్రం వస్తోంది.