సవరణ: దిగంబర కవులందరూ విరసంలో లేరు

దేశభక్తి, ధిక్కార కవిత్వం మీద పెట్టిన పోస్టులో ‘ఆరుగురు దిగంబర కవులూ విరసం స్థాపించారు’ అని రాశాను. అది తప్పు. (దిగంబర కవులంటే కలంపేర్లతో ధిక్కార కవిత్వం రాసిన ఆరుగురు; విరసం అంటే విప్లవ రచయితల సంఘం.) అనంతపురంలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఆ వాక్యాన్ని నోట్సులోకి ఎక్కించుకున్నారు, దయచేసి కొట్టేయండి.

దిగంబర కవితా సంపుటాలు మూడు: 1965, 1966, 1968. విరసం పుట్టింది 1970 జులై 4న, హైదరాబాదులో. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు అందులోకి వెళ్లారు. భైరవయ్య, మహాస్వప్న వెళ్లలేదు. సంపుటాలు, సాహిత్య చరిత్ర పుస్తకాలు సరిచూసి చెబుతున్న మాట ఇది.

పొరపాటు ఎక్కువగా కలంపేర్ల దగ్గరే జరుగుతుంది. కులం తెలియకుండా పెట్టుకున్న పేర్లు కదా, పాత రికార్డుల్లో చెరబండరాజు కోసం వెతికితే దొరకడు. బద్దం భాస్కరరెడ్డి అని చూడాలి. నిఖిలేశ్వర్ అయితే కుంభం యాదవరెడ్డి.

ఇంకొకటి. చెరబండరాజు ‘వందేమాతరం’ను దేశద్వేషం అని నేను అన్నట్టు కొందరు చదువుకున్నారు. అనలేదు. ఆ కవితలో కవి దేశాన్ని తల్లీ అనే పిలుస్తాడు, పిలిచి నిలదీస్తాడు. బిడ్డ నిలదీస్తే పగవాడైపోతాడా? ఆకలిని దేశం లెక్కలోకి తేవడం మన సీమకు కొత్తేమీ కాదు; తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం సీమ కరువు మీద రాసిన కావ్యం ‘పెన్నేటి పాట’ 1956 నాటిది, దిగంబరుల కంటే తొమ్మిదేళ్లు ముందు.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను. తక్కినదంతా అలాగే ఉంది.